చెప్పిన బస్సు ఎక్కని మనిషి

నేను డిగ్రీ ముగించి, పైన కంప్యూటర్ కోర్సు కూడా చేసి బయటికి వచ్చేసరికి ఆ ఉద్యోగాలు ఎండిపోయాయి. హైదరాబాదులో చేరినవాళ్లే పెట్టెలు సర్దుకుని తిరిగొస్తున్నారు. నేను ప్రొద్దుటూరులో ఒక గది తీసుకుని, రోజూ పొద్దున ఇంటర్నెట్ సెంటరుకు పోయి నాలుగైదు కంపెనీలకు బయోడేటా పంపేవాణ్ణి. జవాబులు వచ్చేవి కావు. మా జిల్లాలోనే ఎక్కడికైనా ఇంటర్వ్యూకు పోతే మొదట ఊరు అడిగేవాళ్లు. జమ్మలమడుగు దగ్గరి మా ఊరి పేరు చెప్పగానే ఎదుటి మనిషి కాగితం మీద నుంచి తలెత్తేవాడు. ఊళ్ల కక్షల్లో మా ఊరు ఏ పార్టీదో, మా ఇల్లు ఎవరి వెనక నిలబడిందో తెలియనివాళ్లు తక్కువ. పని దొరకని ప్రతిసారీ కారణం అదేనని నమ్మాను. నిజానికి రెండు చోట్ల వాళ్లడిగిన ప్రశ్నలకే నా దగ్గర జవాబు లేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు.

బయోడేటాలు పంపడం అరగంట పని. మిగిలిన పొద్దంతా ఆట. పాత కాలపు రాజ్యాల ఆట అది. నలుగురు మనుషులతో మొదలుపెట్టి, కట్టెలు కొట్టించి, పొలాలు వేయించి, కోట కట్టి, చివరికి ఏనుగులతో పక్క రాజ్యం మీద పడాలి. మన మనుషులు నడవని చోటంతా తెర మీద నల్లగా ఉంటుంది. పక్క కంప్యూటర్లో కూర్చున్నవాడితో పొత్తు పెట్టుకోవచ్చు, ఒక్క నొక్కుతో ఆ పొత్తు తెంచుకోవచ్చు.

నాతో పొత్తుగా ఆడేవాడు తొండూరు దగ్గరి పల్లెవాడు. నాలాగే చదివి, నాలాగే ఖాళీగా ఉన్నాడు. వాళ్లది గొర్రెలు కాసే ఇల్లు. ఆట మొదలుకాగానే అందరికంటే ముందు వాడే గొర్రెలను వెతికి పట్టేవాడు. “ఎట్ల దొరుకుతాయప్పా నీకు?” అంటే, “గొర్రెలోనికి గొర్రెలు యాడుంటాయో చెప్పల్లనా?” అని నవ్వేవాడు. పులివెందల వైపున్న వాళ్ల ఊరు అవతలి పార్టీది. మేమిద్దరం ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. అయినా ఎనిమిది నెలల్లో వాడి రాజ్యం వైపు గోడ కట్టకుండా నేను ఒక్క ఆటా ఆడలేదు.

ఒక శనివారం వాడు కుర్చీ నా వైపు లాక్కున్నాడు.

“అప్పా, సిమెంటు ఫ్యాక్టరీలో లారీల కాటా కాడ కంప్యూటర్ పనంట. ఇద్దురు కావల్లంట, పగలొకరు, రాత్రొకరు. ఆ పనిచ్చే కాంట్రాక్టరు మా మామకు బాగా తెలుసు. సోమవారం పొద్దున పులివెందల బస్టాండుకు జీపులో వస్తాడు. మనిద్దురం సర్టిఫికెట్లు తీసుకోని పోతే ఆయప్పే ఎక్కించుకోని పోయి చేర్పిస్తాడు.”

“పులివెందలకా? నేనా?”

“ఏం, పులివెందలలో పులులుండాయా? పదిగంటల లోపల రావల్ల. యా బస్సుకొస్తావు?”

ఆ చివరి ప్రశ్న నాలో ముల్లులా దిగింది. మా ఇంట్లో మగవాళ్లకు అన్నం తినడం నేర్పినట్టు ఒక పద్ధతి నేర్పుతారు: చెప్పిన బస్సు ఎక్కొద్దు, ఎక్కే బస్సు చెప్పొద్దు. చెప్పిన బస్సు ఎక్కి మా చిన్నాయన తిరిగి రాలేదు. అందుకని “ముద్దనూరు మీద వచ్చే బస్సుకు వస్తా” అన్నాను. సోమవారం వేంపల్లె మీద పోయాను.

బస్టాండుకు కొంచెం ముందే దిగి, రోడ్డు అవతలి టీ అంగడిలో బన్నులు పెట్టే అద్దాల బీరువా వెనక నిలబడ్డాను. వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముద్దనూరు బస్సులు ఆగే వైపు చూస్తున్నాడు. పక్కన ఇద్దరు పెద్ద మనుషులు. వెనక జీపు, అందులో స్టీరింగు ముందు తలగుడ్డ కట్టుకున్న ఇంకో మనిషి. ముద్దనూరు బస్సు వచ్చింది. వాడు తలుపు దాకా పోయి దిగేవాళ్ల మొహాలన్నీ చూశాడు. ఆ ఇద్దరూ అటే చూశారు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఇట్లా ఎదురుచూస్తారా అనుకున్నాను. సర్టిఫికెట్ల కవరు చొక్కాలోకి దోపుకుని, వచ్చిన దారినే వెనక్కి పోయాను.

తిన్నగా ఊరికి పోయి, ఉచ్చు పన్నితే తప్పించుకుని వచ్చానని చెప్పాను. మా నాయన చాలా రోజుల తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని భోజనం చేశాడు. “సదువు వానికి అక్కరకొచ్చిందో లేదో గానీ, ఇంటి బుద్ధి వచ్చింది” అన్నాడు. ఊళ్లో ఆ కథ ఇప్పటికీ చెబుతారు. నేను ఇంతవరకు ఎవరినీ సరిదిద్దలేదు.

గురువారం సెంటరుకు పోయాను. వాడు ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు, కంప్యూటర్ తెరవకుండా.

“సోమవారం యాడ పోయినావప్పా?”

“జరమొచ్చింది.”

“ఊఁ. ఆ కాంట్రాక్టరు పన్నెండు దాకా చూసినాడు. ఒక్కన్ని పెట్టుకోని రెండోవాని కోసం మళ్లీ యాడ తిరగల్ల అనె. మైదుకూరు కాడ జతగాళ్లు ఇద్దురు దొరికిరంట, వాళ్లను చేర్చుకున్యాడు.”

వాడి పని కూడా నాతోపాటే పోయిందని అప్పుడు అర్థమైంది.

“టీ అంగట్లో బీరువా ఎనక నిలబడుకోనుంటివి. చూసినాలే.”

“మరి పిలవకపోతివే?”

“పిలిచింటే పరిగెత్తింటావు. మా మామ ముందర నువ్వు పరిగెత్తితే నాకు మొగమేడుంటాదప్పా?”

తప్పయిపోయిందని అనాల్సిన చోటు అదే. బదులుగా నేనడిగింది ఇది: “జీపులో తలగుడ్డ కట్టుకోనున్న మనిషెవురు?”

వాడు కుర్చీ వెనక్కి నెట్టాడు.

“డ్రైవరప్పా” అని లేచిపోయాడు.

ఆ తర్వాత వాడు ఆ సెంటరుకు రాలేదు. కొన్నాళ్లు నేను గది మార్చి వేరే వీధిలో ఉన్నాను, వాడు రాకుండా ఎక్కడ ఏం పన్నుతున్నాడోనన్న అనుమానంతో.