గుడిలో కనబడిన సెలవు

ఆ దుకాణంలో ఆడపిల్లలకు బతిమాలకుండా దొరికే సెలవు ఒక్కటే ఉండేది. నెలకు ఆ మూడు రోజులు.

మార్కాపురంలో పూజ సామాన్ల దుకాణం అది. కర్పూరం, అగరొత్తులు, ఇత్తడి దీపాలు, దేవుడి పటాలు అమ్ముతారు. గల్లాపెట్టె పైన స్వామి పటం, దానికి రెండు పూటలా దీపం. అందుకని బయట చేరిన పిల్ల ఆ గడప తొక్కకూడదు. దుకాణం ఆసామి భార్యకు ఫోన్లో "అక్కా, రాలేను" అని ఒక్క ముక్క పెడితే చాలు, ఆమె ఇంకేమీ అడగదు. ఆసామి అసలే అడగడు. మగోడు, ఆ మాట నోటితో అనలేడు. ఆ మూడు రోజుల జీతం మాత్రం మర్చిపోకుండా కోస్తాడు.

నా మనవరాలు అక్కడ కంప్యూటరులో బిల్లులు కొట్టేది. నా కొడుకు కూతురు, డిగ్రీ చదివింది. కొడుకూ కోడలూ బేస్తవారిపేట పక్క పల్లెలో గొర్రెలు చూసుకుంటారు. పిల్లకు తోడుగా నేను మార్కాపురంలో ఒక గది బాడుగకు తీసుకోని ఉన్నాను. బియ్యం, కందిపప్పు, చింతపండు పల్లె నుంచే వస్తాయి. కూరగాయలకు పొద్దు వాలినాక బజారుకు పోతాను, అప్పుడైతే బండోళ్లు దిగొస్తారు. పండగకు ఇచ్చిన చీర పెట్టెలోనే ఉంది. ఖర్చంటే నాకు పడదు, అంతే.

పడనిది ఇంకొకటుంది. ఆ దుకాణంలో సెలవు అడిగే వరస. మేనమామ కూతురు పెళ్లని ఒక్కరోజు అడిగితే "పెళ్లి రాత్రికి కదమ్మా, దుకాణం కట్టేసినాక పో" అన్నాడు ఆసామి. ఇది పోయేసరికి తాళి కట్టడం అయిపోయి ఆకులు ఎత్తుతున్నారు. ఒకసారి జ్వరం వచ్చింది. "మాత్ర వేసుకోని కూర్చో, పనిలో పడితే అదే తగ్గుతుంది" అన్నాడు. ఇంటికొచ్చి పిల్ల చెప్తాంటే నా ఒళ్లు కాగింది, దాని ఒళ్లుకంటే ఎక్కువ.

ఇట్ల ఉండగా గిద్దలూరులో కొత్తగా పెట్టిన కళ్ల ఆసుపత్రిలో బిల్లుల కాడ మనిషి కావాలని తెలిసింది. పిల్ల ఫోన్లో మాట్లాడింది. ఇంటర్వ్యూకి రమ్మన్నారు, శుక్రవారం. పూజ సామాన్ల దుకాణంలో శుక్రవారం సెలవు అడిగితే నవ్వుతారు.

"అవ్వా, ఆ సెలవు పెడతా" అనింది.

"ఏ సెలవు?"

"అదే, ఎవరూ ఎందుకని అడగనిది."

నాకు మండింది. "లేనిదాన్ని ఉందని చెప్తావా? ఆ మాటతో ఆటలేందే నీకు?"

"జీతం కోసుకుంటారు కదా అవ్వా. నా డబ్బుతో నేను కొనుక్కున్న రోజు అది. ఆ రోజు ఇంట్లో పండుకుంటానో గిద్దలూరు పోతానో వాళ్లకెందుకు?"

మూడో తరగతితో బడి మానేసినదాన్ని నేను. అయినా లెక్క ఎక్కడ తప్పితే అక్కడ పట్టుకుంటాను. దాని లెక్క ఎక్కడా తప్పలా. ఊరుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే లేచి తలస్నానం చేసింది. నేను పద్ధతి తప్పని మనిషిని. వయసులో ఉన్నప్పుడు ఆ మూడు రోజుల్లో గొర్రెలకు నీళ్లు పెట్టినాను, పేడ ఎత్తినాను, కానీ దీపం ముట్టలా, గుడి వైపు తలెత్తి చూడలా. అందుకే దానికి గట్టిగా చెప్పినాను. "అబద్ధం చెప్పి పోతాండావు. ముందు స్వామికి కాయ కొట్టించి, ఉన్న విషయం చెప్పుకోని పో."

అబద్ధం చెప్పింది దుకాణానికి. పిల్ల శుభ్రంగా ఉందని స్వామికి తెలుసు. నాకు తట్టింది అంతవరకే. శుక్రవారం పూట గుడికి ఇంకెవరొస్తారనేది తట్టలా. దానికీ తట్టలా. నేనంటే ముసిల్దాన్ని, డిగ్రీ చదివినదానికన్నా తట్టొద్దా!

హారతి కళ్లకద్దుకోని ఇట్ల తిరిగిందో లేదో, ఎదురుగా ఆసామి భార్య పూలబుట్టతో నిలబడుండాదంట.

"ఏందే ఇది? రాలేనని రాత్రి నాకు పెట్టినావు. ఈ రోజున గుడికొచ్చినావా?"

చుట్టూ ఆడోళ్లు. "నాకేం లేదక్కా, బాగానే ఉన్నా" అంటే దుకాణానికి చెప్పింది అబద్ధమని తేలుతుంది. ఊరుకుంటే అంటుతో గుడి తొక్కిందనే మాట ఖాయమైతుంది. పిల్ల ఊరుకునింది. రైలు టైమైతాందని కొబ్బరిచిప్ప చేతిలో పట్టుకోనే ఆటో ఎక్కింది.

అది గిద్దలూరులో ఉండంగనే ఇక్కడ ఊరంతా చుట్టింది మాట. కుళాయి కాడ ఒకామె నా బిందె పక్క నుంచి తన బిందె దూరం జరుపుకోని, "మీ పిల్ల అట్ల చేసిందంటనే" అనింది. నా బిందె సగమే నిండింది, అట్లనే ఎత్తుకోని వచ్చినాను.

సాయంత్రం పిల్ల వచ్చి చెప్పింది. ఇంటర్వ్యూ బాగానే జరిగింది. కాకపోతే ఇప్పుడు పనిచేసే చోటుకు ఒకసారి ఫోన్ చేసి మాట్లాడతారంట, ఆ తర్వాతనే ఖాయం చేస్తారంట. అంటే ఇప్పుడు దాని బతుకు ఆ ఆసామి నోట్లో ఉంది.

మరుసటి రోజు దుకాణం నుంచి కబురొచ్చింది, ఇంట్లో పెద్దమనిషిని తీసుకోని రమ్మని. దోవలో పిల్ల నా చెయ్యి పట్టుకోని బతిమాలింది.

"అవ్వా, తెలీక పోయింది, తప్పయిందని ఒక్క మాట చెప్పు. గుడి శుద్ధికి ఏమన్నా ఇయ్యమంటే ఇద్దాం. గిద్దలూరు నుంచి ఫోన్ వచ్చేదాక ఈయన నోట్లో నా గురించి చెడ్డమాట రాకూడదు."

సరేనన్నాను. నిజంగానే అట్లనే చెప్పాలని పోయినాను.

ఆసామి గల్లాపెట్టె వెనక కూర్చోని తలెత్తలా. తాళ్లతో కట్టిన అగరొత్తుల కట్టలు విప్పుతా, ఇంకో ఇద్దరు పనిపిల్లలు ఓరగా చూస్తాండారు. మాట్లాడింది ఆయన భార్యే.

"పెద్దమ్మా, మీరు పద్ధతి గల మనిషి అనుకుంటిమి."

"అవును తల్లీ" అని మొదలుపెట్టినాను. తప్పయింది అనే మాట నాలుక చివరికి వచ్చింది కూడా.

"అయినా గొర్రెల కాడ పెరిగిన పిల్ల. మడీ ఆచారం దానికేం తెలుస్తుందిలే. మీరన్నా చెప్పాల కదా."

నాలుక చివరి మాట అక్కడే ఎండిపోయింది.

"గొర్రెలోళ్లమే తల్లీ" అన్నాను. "గొర్రెలోళ్లం కాబట్టే ఏది అంటో, ఏది కాదో మాకు బాగా తెలుసు. నా పిల్లకు అంటు లేదు. తలస్నానం చేసి, నేను పంపితే గుడికి పోయింది. నీకు ఫోన్లో పెట్టిన మాట ఉందే, అదే అబద్ధం. గిద్దలూరు ఇంటర్వ్యూకి పోయింది."

మనవరాలు "అవ్వా!" అనింది. ఆసామి అప్పుడు తలెత్తినాడు. ఇంటర్వ్యూ గురించైతే ఆయనకు నోరొస్తుంది.

"అంటే ఇక్కడ జీతం తీసుకుంటా, ఇంకోచోట పని వెతుక్కుంటాందా?"

"నువ్వు సామాను ఒక్క ఏజెన్సీ కాడనే కొంటావా నాయనా? నాలుగు చోట్ల రేటు అడగవా? అడగబోయే రోజు పాత ఏజెన్సీ ఆయనకు చెప్పి పోతావా?"

"అబద్ధం చెప్పి సెలవు తీసుకోడమేంది?"

"నిజం చెప్తే ఇస్తావా? ఇస్తానని ఆ స్వామి పటం మీద చెయ్యిపెట్టి చెప్పు."

ఆయన చెయ్యి గల్లాపెట్టె తాళం మీదికి పోయింది.

"ఆ రోజుకు జీతం కోసుకుంటావు కదా. డబ్బియ్యని రోజు నీదెట్లయింది? బేరం చేసి, డబ్బు కట్టకుండా, సరుకు నాదే అంటే నీ దుకాణంలో ఒప్పుకుంటావా?"

బేరానికొచ్చిన ఒకామె కిసుక్కున నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది. ఆసామి ముఖం ఎర్రబడింది. "రేపటి నుంచి రావొద్దని చెప్పు పెద్దమ్మా" అన్నాడు.

ఇల్లు చేరేదాక పిల్ల నాకు నాలుగడుగులు ముందే నడిచింది. గదిలోకి వచ్చినాక అనింది. "నీ పరువు నిలబెట్టుకున్నావు అవ్వా. నా పని తీయించినావు."

"నీ మీద పడిన మాట కడిగినాను కదే!"

"కడగమని నేనడిగినానా? రేపు గిద్దలూరోళ్లు ఫోన్ చేస్తే ఆయన ఏం చెప్తాడో తెలుసా నీకు?"

తెలుసు. తెలిసి ఉండీ ఆగలేకపోయినాను. ఇప్పటికీ ఆ "గొర్రెల కాడ పెరిగిన పిల్ల" అనే మాట గుర్తొస్తే ఆగలేను.

కొద్ది రోజులకు, మా ఎదురింట్లో ఉండే పిల్ల వచ్చింది. ఆ దుకాణంలోనే పనిచేస్తుంది, ఆ రోజు అగరొత్తుల కట్టలు విప్పిన ఇద్దరిలో ఒకతె. మనవరాలు అక్కడ మర్చిపోయిన టిఫిను డబ్బా తెచ్చింది. కూర్చుంటూనే నవ్వడం మొదలుపెట్టింది.

"గిద్దలూరు నుంచి మా ఆసామి ఆయప్పకు ఫోన్ వచ్చింది అవ్వా. ఎవరో సారు. ఆయన పెళ్లాం, మా అక్క, పక్క నుంచి 'చెప్పండి, చెప్పండి' అని మోచేత్తో ఒకటే పొడిచేది. ఈయన గొంతు సవరించుకోని, 'సెలవు విషయంలో ఒకటి జరిగింది సార్' అన్నాడు. ఏం జరిగిందని ఆ సారు అడిగినట్టుంది. ఈయన చుట్టూ చూస్తే దుకాణం నిండా ఆడోళ్లు. 'అదీ... అంటే... అట్లాంటిదేం లేదు సార్. పిల్ల మంచిదే, లెక్క తప్పదు' అని టపీమని పెట్టేసినాడు."

మనవరాలు నవ్వింది. అన్ని రోజుల్లో అదే మొదటి నవ్వు. ఆ మాట అనలేని సిగ్గే ఇన్నాళ్లూ సెలవిచ్చింది, ఆ సిగ్గే ఈ రోజు పని ఇప్పించింది. నేనూ నవ్వేదాన్నే, ఎదురింటి పిల్ల ముఖం మారకపోయుంటే.

"మీకేం అవ్వా, మీరు బయటపడినారు. మాకు రూలు మార్చినాడు. ఇంక ఆ మూడు రోజులూ రావాల్సిందేనంట. దుకాణంలోకి కాదు, వెనక గోడౌన్లో కూర్చోని కర్పూరం పొట్లాలు కట్టాలంట. సగం జీతమిస్తాడంట."

"అంటు చేత్తో కట్టిన కర్పూరం దేవుడికి పనికొస్తుందా?"

"అమ్ముడుపోతే పనికొచ్చినట్టే కదా అవ్వా." కొంచెం ఆగి అనింది. "మాకుండిన సెలవు ఒక్కటే. నీ నోటితో పోయింది. వచ్చే శనివారం నంద్యాలలో నాకూ ఇంటర్వ్యూ ఉంది. ఇప్పుడు నేనేం చెప్పి పోవాల?"

"నిజం చెప్పు."

"నిజం చెప్పింది నువ్వు. పని పోయింది నీ మనవరాలికి."

ఆసామి మీద కోపం, ఆయన పెళ్లాం మీద కోపం, ఎదురుగా కూర్చోని నిజమే చెప్తాండే ఈ పిల్ల మీద ఇంకా కోపం.

"నన్ను పడెయ్" అన్నాను ఆఖరికి. "ఎదురింటి అవ్వ జారిపడింది, మనవరాలు గిద్దలూరు పోయింది, ఆసుపత్రికి నేనే తోడుపోవాలని చెప్పు."

చెప్పింది. సెలవు దొరికింది. ఎట్ల దొరికిందో శుక్రవారం సాయంత్రం వచ్చి, నేనూ నవ్వుతాననుకోని చెప్పింది.

"మా అక్క వెంటనే ఒప్పుకునింది అవ్వా. 'చూసినావా, స్వామి ఊరికే వదల్లా. పిల్లను అట్ల గుడికి పంపింది కదా, కాళ్లిరగ్గొట్టినాడు. పో, పాపం, ముసిల్దాన్ని చూడు' అనింది."

నాకు నవ్వు రాలా. నా కాళ్లు రాళ్ల మాదిరి ఉన్నాయి. ఇప్పటికీ నిండు బిందె రెండు బజార్లు మోస్తాను. లేచి పోయి, ఆమె ఎదురుగా ఆ దుకాణం మెట్లు మూడుసార్లు ఎక్కి దిగి రావాలనిపించింది.

పోలా. శనివారం పొద్దున్నే, మనవరాలు గిద్దలూరులో కొత్త పనికి పోయినాక తలుపు దగ్గరికేసుకున్నాను. బజారుకు పోలా. కుళాయికి పోలా. శనివారమైనా గుడికీ పోలా. ఊరగాయ కలుపుకోని తిన్నాను. సాయంత్రం వంకాయల బండి వచ్చి వాకిట్లో ఆగింది. వంకాయలు చవగ్గా ఉన్నాయి, అరుపులోనే తెలిసిపోయింది. "అవ్వా, లేతవి, దా" అని రెండుసార్లు పిలిచినాడు. నేను తలుపు వెనక, గట్టి కాళ్లు ముడుచుకోని కూర్చోని, పళ్లు నూరుకుంటా, బండి చప్పుడు సందు చివరికి పోయేదాక పలకలా. ఎదురింటి పిల్ల ఎక్కొచ్చే నంద్యాల రైలు రావడానికి ఇంకా చాలా సేపుంది.