సేఫ్టీ నాటకంలో గౌరి చావు

కరోనా తగ్గి గేట్లు పూర్తిగా తెరిచిన మరుసటి ఏడు, ఫిబ్రవరిలో, నన్ను ఒక కార్ఖానాలో బొగ్గు మోసే బెల్టుల కింద ఊడ్చే గ్యాంగుకి మేట్‌గా వేశారు. మా జంషెడ్‌పూర్‌లో కూలిపని చేసే ఆడవాళ్ళని రేజాలంటారు. వాళ్ళ హాజరు చూసి, పని పంచి, అందరినీ క్షేమంగా గేటు దాటించేది మేట్. నేను మూడో తరగతితో బడి మానేశాను. ఈ పనికి ఆ చదువు చాలు. అనుమానం మాత్రం కాస్త ఎక్కువుండాలి.

గౌరి మా గ్యాంగులో మనిషి. జుగ్సలాయిలో ఒక్క గది అద్దెకు తీసుకుని మంచాన పడ్డ తల్లిని సాకేది. నేను వచ్చిన కొత్తలోనే అది బెల్టు కిందనించి దూరబోయి భుజం చితక్కొట్టుకుంది. బెల్టు పక్కన మనుషులు నడవడానికి పసుపు గీతల దారుంది. ఆ దారి మీద నడుమెత్తు బొగ్గు కుప్ప. లారీ రాలేదని, కాంట్రాక్టరు దగ్గర లెక్కలు చూసే ముంషీ దాన్ని ఎత్తనివ్వలేదు. దారి లేక గౌరి దూరింది. ఎంక్వయిరీ వేశారు. తప్పు మనిషిదని తేలితే గేట్ పాస్ పోతుంది. పాస్ పోయినదాన్ని ఇంకే కాంట్రాక్టరూ పెట్టుకోడు.

మార్చిలో సేఫ్టీ వారం. ఏటా ఒక నాటకం వేస్తారు. అందులో ఒకరు చావాలి. చచ్చేది ఎప్పుడూ కాంట్రాక్టు మనిషే, తప్పూ ఆ మనిషిదే. ఆఫీసరు ఒక్క ఏడూ చావలేదు. ఆ ఏడు రాసే సేఫ్టీ సాబ్ సమోసాలు పట్టుకుని మా దగ్గరకొచ్చాడు. ఎలా నడుస్తారు, ఎక్కడ తింటారు అని అడిగాడు. ఉత్తినే సమోసా పెట్టే ఆఫీసర్ని నేను నమ్మను. నాది పొట్లం కట్టి ఇంటికి తెచ్చుకున్నాను గాని, నోరు విప్పలేదు.

చచ్చే వేషానికి గౌరినే ఎంచాడు. కథ వినే దాకా ఒప్పుకోవద్దన్నాను.

"ఏటి పిన్నీ, చావడానికి కూడా నీ పర్మిషన్ కావాలేటి? కొత్త చీర ఇత్తారంట," అంది.

"చచ్చేదానికి కొత్త చీరెందుకే. ముందు ఎలా చంపుతాడో విను," అన్నాను.

సాబ్ హిందీలో చదివాడు. పార్వతి అనే రేజా ఫోన్‌లో నవ్వుకుంటూ, ఖాళీగా ఉన్న దారి వదిలి, బెల్టు కింద దూరి చచ్చిపోతుంది. ఆఫీసరు వేషం శవం పక్కన నిలబడి, తన తప్పుతోనే పోయింది అంటాడు.

ఈ పార్వతి ఎవరని అడిగాను. "కోయీ నహీ మౌసీ, బస్ కహానీ హై," అన్నాడు, ఎవరూ కాదు, ఉత్త కథేనట. ఎవరూ కానిది మా బెల్టు కిందే ఎందుకు చావాలి అన్నాను. నవ్వాడు. దాన్ని బతికించి, ఎందుకు దూరిందో దాని నోటితోనే చెప్పించమన్నాను. చావకపోతే జనం మర్చిపోతారట. ఎవరు చావాలో రాసేవాడి ఇష్టమట.

నాటకం అయిన మర్నాడే ఎంక్వయిరీ కమిటీ కూర్చుంటుంది. ఆ కమిటీవాళ్ళే నాటకానికి ముందు వరస. ముందుగా కథలో తప్పు ఒప్పించేసి, తరవాత కాగితం మీద ఒప్పిస్తారని నాకు అర్థమైంది. సాబ్ తనంత తాను రాశాడో, ఎవరైనా రాయించారో ఈరోజుకీ తెలీదు.

కథ ఆయనది. వేదిక ఊడ్చి సర్దే పని మా గ్యాంగుది. పసుపు గీతలు గీయించాను. గోనెసంచుల్లో బొగ్గుపొడి నింపి, ఆ గీతల మీద, బెల్టు దగ్గర ఉన్నంత ఎత్తునే కుప్ప పెట్టించాను.

గౌరి ఫోన్ చెవిన పెట్టుకుని వచ్చింది. కుప్ప దగ్గర ఆగింది. వెనక వరసలో ఎవడో "అరే, రాస్తా కిధర్ హై?" అని, దారేదని అడిగాడు. జనం నవ్వారు. తరవాత నవ్వు ఆగిపోయింది. గౌరి రాసినట్టే దూరింది, రాసినట్టే చచ్చింది. ఒక్క మాటా మార్చలేదు. ఆఫీసరు వేషం చివరి మాట చెప్పాక చప్పట్లు పడలేదు.

ఆ సాయంత్రం ముంషీ వచ్చాడు. ఇన్నాళ్ళూ దొరకని లారీ అప్పుడు దొరికిందట, బెల్టు దగ్గర కుప్ప వెంటనే ఎత్తెయ్యమన్నాడు. ఎత్తుతాం బాబూ, ఎక్కడి కుప్ప, ఎవరు ఎత్తమన్నారు, రాసిచ్చి సంతకం పెట్టమన్నాను. పెట్టలేదు. కుప్ప అక్కడే ఉండిపోయింది. మర్నాడు కమిటీ వచ్చి దాని ముందు ఆగింది.

గౌరి పాస్ నిలబడింది. "చచ్చినా కొలువు మిగిలింది పిన్నీ," అంది. చీర మాత్రం వెనక్కి తీసుకున్నారు. వారం తిరక్కుండా నన్ను వేరే గ్యాంగుకి మార్చారు. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఎవరు చావాలో రాసేవాడి ఇష్టమే, ఒప్పుకుంటాను. నేను మాత్రం ఏ కథలోనైనా ఎవరైనా చచ్చిపోతే, ఏడ్చే ముందు ఆ మనిషికి నడిచే దారి ఉందో లేదో చూస్తాను. దారి గురించి రాయకపోతే, ఆ రాసినవాడికి జీతం ఎవరిస్తున్నారో కనుక్కుంటాను.