తిరిగొచ్చిన బతుకమ్మ

ముంబైలో సముద్రం పక్కన ఉంటానంటే మా ఊళ్లో అందరూ ఏదో మేడ అనుకుంటారు. మాది ఒక్క గది. కిటికీ తీస్తే ఎదురింటి వాళ్లు ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. సముద్రం రెండు సందుల అవతల. కనపడకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. గొళ్లేలకు తుప్పు పట్టిస్తుంది, ఉప్పు డబ్బాలో నీరు చేరుస్తుంది, ఆరిన చీరకు జిగట అంటిస్తుంది. సుల్తానాబాద్ దగ్గరి పల్లె నుంచి పెళ్లై వచ్చిన కొత్తలో ఆ జిగటకే ఎంత ఏడ్చానో! నాకు నోరెక్కువ కాబట్టి నల్లా నీళ్ల కొట్లాటల్లో నెగ్గుకొచ్చాను, లేకపోతే ఈ ఊరు నన్ను నమిలి మింగేసేది.

పదిహేడేళ్లలో అవ్వ, మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం, ఒక్కసారి కూడా నా ఇంటికి రాలేదు. నాట్లంది, బర్రె ఈనిందంది, తమ్ముని పిల్లలంది. చివరికి జబ్బు తీసుకొచ్చింది. కరీంనగర్ డాక్టర్లు ముంబై పెద్దాసుపత్రికి రాసిచ్చారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, బస్సు దిగుతున్న అవ్వను చూసి నాకు సంతోషమే వేసింది.

ఆరు నెలలు నా గదిలో ఉంది. పొద్దున్నే నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వేది. "గిదేం జుట్టే, ఎల్క తోక లెక్కయింది" అని తిట్టేది. సాయంత్రం సముద్రం గట్టు మీద కూర్చోబెడితే నీళ్లను అనుమానంగా చూసేది.

"గిన్ని నీళ్లున్నా తాగనీకి సుక్క లేకపాయె. గీనికెందుకే గంత మిడిసిపాటు?"

నాకు నవ్వాగేది కాదు.

బతుకమ్మ పండగ నెల రోజులుందనగా డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. మందులు పనిచేయడం లేదు, ఇంటికి తీసుకెళ్లండి, తనవాళ్ల మధ్య ఉండనివ్వండి అన్నాడు. తలూపి బయటికొచ్చాను. బల్ల మీద కూర్చున్న అవ్వ "ఏమన్నడే?" అంది.

"ఇంకో రెండు సూదులున్నయట అవ్వా."

ఫోన్లో తమ్ముడికీ అదే చెప్పాను. మా ఆయనకీ అదే చెప్పాను. ఏదో అద్భుతం జరుగుతుందని ఆశపడ్డానని అందామనుకున్నాను గానీ అది కూడా అబద్ధమే. పుట్టినప్పటి నుంచి అవ్వను పొలానికీ బర్రెకూ తమ్ముడికీ పంచి ఇచ్చాను. ఇప్పుడు నాకొక్కదానికే దొరికింది. పంపబుద్ధి కాలేదు, అంతే.

పండగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, కరీంనగర్ బస్సులో గునుగు, తంగేడు పూలు బస్తాల్లో వచ్చాయి. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని తానే బతుకమ్మను పేర్చింది. ఒక్క వరసా వంకర పోలేదు. మా వైపు ఆడవాళ్లంతా ఏటా కలిసే, కాస్త దూరంలోని ఇసుక తీరానికి వెళ్తాం. నీళ్లు వెనక్కి తీసే వేళ చూసి బయల్దేరదీసేది పెద్దవాళ్లే. ఆ ఏడు అవ్వ అలసిపోతుందని నేను ఎవరికోసమూ ఆగకుండా ట్యాక్సీలో ముందే తీసుకెళ్లాను.

పూల మీద పెట్టిన పసుపు ముద్ద గౌరమ్మను తీసి కొంగులో కట్టుకుని, బతుకమ్మను నీళ్లలో వదిలాం. మా చెరువులో అయితే వదిలాక రెండు అరచేతులతో నీళ్లను నెడతాం. ఆ నెట్టుడికి పూలు అలా అలా నడిమధ్యకు సాగిపోతాయి. అవ్వ కూడా వంగి "పోయి రా తల్లీ" అంటూ నెట్టింది. బతుకమ్మ నాలుగు బారలు పోయింది, వెనక్కొచ్చి అవ్వ కాళ్లకు తగిలి ఆగింది. మళ్లీ నెట్టాం. మళ్లీ వచ్చింది. మూడోసారికి విచ్చిపోయి, తంగేడు పూలన్నీ ఆమె పాదాలకు అతుక్కున్నాయి.

"బిడ్డా, గిది పోనంటున్నదే. నన్ను ఇంటికి తోలియ్యి."

నేను నవ్వాను. దేవుడా, నవ్వాను! "సముద్రం పోటు మీదున్నదవ్వా. జరసేపాగితే గదే పోతది."

"గది పోతది తియ్. నన్ను తోలిస్తవా, లేదా?"

"సూదులైనంక పోదువు గానీ."

అవ్వ వంగి కాళ్లకంటిన పూలు ఒక్కొక్కటే తీసుకుంది.

ఆ తర్వాత తొమ్మిదో రోజు నా ఒళ్లో తల పెట్టుకునే పోయింది. తమ్ముడు వచ్చాడు, దహనం ఇక్కడే జరిగింది. ఎముకలు కలపడానికి సముద్రం పక్కనే ఉందిగా అన్నారు చుట్టుపక్కల వాళ్లు. "ఈ నీళ్లల్ల కలపనియ్య" అని అరిచాను. ధర్మపురి గోదావరికి తీసుకెళ్దామన్నాను. బస్సులో తమ్ముడు నెమ్మదిగా అడిగాడు.

"ఇంకో రెండు సూదులున్నయంటివి గదా అక్కా, అయి ఇచ్చిన్రా?"

నల్లా దగ్గర ఎంతమందినైనా గెలిచే నోటితోనే ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఎర్రబట్ట కట్టిన కుండను తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "నువ్వే పట్టుకో" అన్నాడు.

ధర్మపురిలో మోకాలి లోతులో నిలబడ్డాం. తమ్ముడు కుండ వంచాడు. నా చేతులు వాటంతటవే నీళ్లలోకి దిగి, బతుకమ్మను సాగనంపినట్టే నెట్టాయి. బూడిద, బంతిపూలు చక్కగా కలిసి సాగిపోయాయి.

"అయిపోయింది, రా అక్కా" అన్నాడు తమ్ముడు ఒడ్డు మీంచి. నేను కదల్లేదు. వెనక్కొస్తుందేమోనని చూస్తూ నిలబడ్డాను.