ఏస్తేరు సీటు కోసం గద్వాల నుంచి మన్ననూరు దాకా

2004 మే నెలలో ఒక బుధవారం సాయంత్రం మా ఇంటి ఎదుటి ఎస్టీడీ బూత్ నడిపే ఆయన వచ్చి, హైదరాబాదు నుంచి నాకు ఫోన్ వచ్చిందనీ, పది నిమిషాల్లో మళ్ళీ చేస్తారనీ చెప్పాడు. ఎం.ఎస్సీ. జియాలజీ చివరి పరీక్షలు రాసి, హాస్టలు ఖాళీ చేసి నేను గద్వాల వచ్చి అప్పటికి మూడు వారాలు.

ఫోన్ చేసింది మా విభాగాధిపతి. జనవరిలో నోటీసు బోర్డు మీద ఒక ప్రకటన అంటించారు. ఖనిజాల అన్వేషణ చేసే ఒక కేంద్ర సంస్థ ఏడాదిపాటు శిక్షణ ఇస్తుందట. ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కటే సీటు. బాగా చేసినవాళ్ళను అక్కడే ఉద్యోగంలోకి తీసుకునే వీలుందని రాశారు. ఆ ప్రకటనను కాగితం మీద ఎక్కించుకున్నది ఏస్తేరు. దరఖాస్తులు కొని తెచ్చింది నేను. రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నవాళ్ళం, పక్కపక్కన కూర్చుని నింపాం, ఒకే రోజు పోస్టు చేశాం.

సీటు ఏస్తేరుకు వచ్చిందని చెప్పారు సార్. ఎల్లుండి, అంటే శుక్రవారం, సాయంత్రం అయిదులోగా ఒరిజినల్ సర్టిఫికెట్లతో స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. ఆమె దరఖాస్తులో ఫోన్ నంబరు లేదు. "మీవైపు అమ్మాయే కదా వసంతా, ఎట్లాగైనా కబురు చెయ్యి" అన్నారు. ఒక్క క్షణం ఆగి, ఆమె రాకపోతే తర్వాతి పేరు నాదేనని కూడా చెప్పారు. నేను సరే సార్ అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు ఆ బూత్ అద్దాల గదిలోనే నిలబడ్డాను.

గురువారం ఉదయం ఆరూ ఇరవైకి గద్వాల బస్టాండులో వనపర్తి బస్సెక్కాను. ఏస్తేరు వాళ్ళది శ్రీరంగాపూర్. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు హైవే ఎక్కింది. బీచుపల్లి వంతెన మీదికి వచ్చేసరికి ఏడుంపావు. నదిలో నీళ్ళు పాయలుగా చీలి, మిగతాదంతా బండలు తేలి ఉంది. ఇంకో రోజైతే కిటికీలోంచి ఆ బండల్లో చీలికలు ఏ దిక్కున పోతున్నాయో చూసుకుంటూ వెళ్ళేదాన్ని. ఆ రోజు చేతి గడియారమే చూసుకుంటూ కూర్చున్నాను. ఆంజనేయస్వామికి మొక్కేవాళ్ళు దిగడానికి బస్సు ఆగితే, ఇంతసేపు ఎందుకని కండక్టరును అడిగాను. పక్కన కూర్చున్న రైతు, దవాఖానకా బిడ్డా అని అడిగాడు. నా మొహం అట్లా ఉందన్నమాట.

పెబ్బేరులో దిగితే శ్రీరంగాపూర్‌కు ఆటోలు దొరుకుతాయి. కానీ మనుషులు నిండితేగాని కదలవు. తొందర ఉన్నవాళ్ళు ఇక్కడ అరగంట చేతిలో ఉంచుకోవాలి. ఎనిమిదిన్నరకు ఊళ్ళో దిగి, రంగనాయకస్వామి గుడి దాటి, వాళ్ళ వాడ ఎక్కడో అడుగుతూ వెళ్ళాను. ఇంటికి తాళం ఉంది.

పక్కింటి ఆమె గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. మరియమ్మ రెండు నెలలైంది వనపర్తిలో పల్లీల మిల్లుకు పోబట్టి అని చెప్పింది. మరియమ్మ అంటే ఏస్తేరు తల్లి. కూతురు ఎక్కడుందో ఆమెకు తెలియదు. మిల్లు పేరూ తెలియదు. "మార్కెట్ యార్డు ఎన్క అంట" అంది, అంతే.

మళ్ళీ పెబ్బేరు, అక్కడి నుంచి వనపర్తి. దిగేసరికి పదకొండు కావస్తోంది. యార్డు వెనకాల మిల్లులు ఒకటి కాదు, వరసగా ఉన్నాయి. మూడోదాని గేటు దగ్గర మరియమ్మ పేరు చెబితే, లోపలే ఉంది, పన్నెండున్నరకు అన్నాలకు వదిలినప్పుడు కలువు అన్నాడు గుమస్తా. గంటన్నర. ఎదురుగా టీ కొట్టు నీడలో నిలబడ్డాను. ఇడ్లీ తెప్పించుకుని ఒకటి తిని వదిలేశాను. ఇవాళ గురువారం, మధ్యాహ్నం కావస్తోంది, ఏస్తేరు ఎక్కడుందో కూడా ఇంకా తెలియదు. దొరకకపోతే తప్పు నాది కాదు కదా అని ఒక ఆలోచన వచ్చింది. అది ఎంత హాయిగా వచ్చిందో చూసి నాకే భయం వేసింది.

మరియమ్మ బయటికి వచ్చింది. తల మీద, కనురెప్పల మీద కూడా పల్లీల పొట్టు దుమ్ము. హాస్టలుకు రెండుసార్లు వచ్చింది కాబట్టి నన్ను గుర్తుపట్టింది. విషయం చెప్పాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, నన్ను కూర్చోమని, తను నిలబడే మొత్తం మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది.

ఏస్తేరు మన్ననూరు వైపు ఉందట. అడవిలోపల చెంచుల గూడేల్లో బావులు తవ్వించే ఒక కాంట్రాక్టరు, నీళ్ళు ఎక్కడ పడతాయో చూసి చెప్పడానికి ఆమెను రోజుకూలీకి పెట్టుకున్నాడు. రెండు వారాలు దాటింది. శిక్షణ సీటు సంగతి ఏ కబురూ రాకపోయేసరికి రాలేదనే అనుకుని వెళ్ళిపోయింది.

మిల్లు వెనక సందులో మరియమ్మ అద్దెకుంటున్న గదికి వెళ్ళాం. ఆమె పెట్టె తెరిచి, చీరల అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఏస్తేరు సర్టిఫికెట్లన్నీ అందులోనే ఉన్నాయి. నా చేతికి ఇవ్వబోయి ఆగింది.

"అది పోకుంటె ఈ సీటు ఎవరికొస్తది బిడ్డా?"

"తెల్వదమ్మా" అన్నాను.

నోటికి వచ్చేసింది. వెనక్కి తీసుకోవడానికి ఒక క్షణం ఉండింది, అదీ పోయింది. ఆమె నా వైపు చూసి, కవరు నా రెండు చేతుల్లో పెట్టింది. "ఇవి పోతే మల్ల ఇయ్యరంట. పైలం" అంది. మధ్యాహ్నం షిఫ్టుకు ఆలస్యమవుతోందని నాకంటే ముందే సందు దాటి వెళ్ళిపోయింది.

రెండుంపావుకు వనపర్తిలో నాగర్‌కర్నూలు బస్సు దొరికింది. నిలబడే వెళ్ళాను. కవరును గుండెలకు అదిమి పట్టుకున్నాను. దారిలో ఒక టైరు పంచరై గంటకు పైగా పోయింది. నాగర్‌కర్నూలులో దిగేసరికి అయిదు. అచ్చంపేట వెళ్ళినా, మన్ననూరు చేరేసరికి చీకటి పడుతుందనీ, అక్కడ ఆడపిల్ల ఒక్కతే ఉండడానికి చోటు దొరకదనీ బస్టాండు కంట్రోలరు చెప్పాడు. ఊళ్ళోనే మా చిన్నమ్మ ఇల్లు ఉంది. అక్కడికి వెళ్ళాను.

చిన్నమ్మకు అన్నీ చెప్పాను. ఆమె అన్నం వడ్డిస్తూ అంతా విని, గంటె పక్కన పెట్టింది. "నువ్వు తిరగాల్సిన కాడికి తిరిగినవ్. దొరకలె అని మీ సారుకు ఫోన్ చెయ్. అబద్ధమైతే కాదు గద" అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. నా మంచి కోరే చెప్పింది. అందుకే జవాబు చెప్పడం కష్టమైంది. పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి అని మాత్రం అడిగాను. రాత్రి నిద్ర పట్టలేదు. కవరు దిండు కింద ఉంది.

శుక్రవారం ఉదయం ఆరుకు అచ్చంపేట బస్సు. పది నిమిషాల ముందే బస్టాండులో ఉన్నాను. బస్సు వచ్చింది, జనం ఎక్కారు. నేను బెంచీ మీద కూర్చునే ఉన్నాను. ఈ బస్సు తప్పితే తర్వాతిది ఏడున్నరకు. దానికి వెళితే ఏస్తేరును అయిదులోగా హైదరాబాదు చేర్చడం కుదరదు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. కూర్చుంటే చాలు. కండక్టరు తలుపు దగ్గర నిలబడి, అచ్చంపేట ఇంకెవరున్నారని అడిగాడు. లేచాను. ఎందుకు లేచానని తర్వాత చాలామంది అడిగారు. అందరిముందూ అడిగాడు కాబట్టి లేచానేమో. అంతకంటే గొప్ప కారణం నాకు గుర్తులేదు.

ఏడుంపావుకు అచ్చంపేట. అక్కడ మారి, మన్ననూరు బస్సు. గద్వాల నుంచి అంతదాకా వెంట వచ్చిన గ్రానైటు గుండ్లు ఇక్కడ వెనకబడిపోతాయి. ముందు నల్లమల గట్లు పొరలు పొరలుగా లేస్తాయి. పాత గ్రానైటు మీద ఆ పొరలు ఎక్కి కూర్చునే చోటును రెండో సంవత్సరం క్షేత్ర పర్యటనలో సార్ వెతకమన్నారు. మిగతావాళ్ళు వెతుకుతుండగానే ఏస్తేరు వెళ్ళి దాని మీద చెయ్యి పెట్టింది. ఆమె చెయ్యి పెట్టాక నాకు కనిపించింది. ఈ సంగతి ఆ బస్సులో గుర్తు రావడం నాకు నచ్చలేదు.

ఎనిమిదీ ఇరవైకి మన్ననూరులో దిగి, అటవీ శాఖ చెక్‌పోస్టుకు వెళ్ళాను. బావుల పని జరుగుతున్న గూడెం అయిదు కిలోమీటర్ల లోపల ఉంది. గార్డు మర్యాదగానే మాట్లాడాడు కానీ, పర్మిషన్ లేకుండా ఎవరినీ పంపం, పులుల జాగ అన్నాడు. పర్మిషన్ ఇచ్చే ఆఫీసరు పదకొండు తర్వాత వస్తాడట. వెళ్ళదలిచినవాళ్ళు ముందురోజే కాగితం రాయించుకోవడం మంచిది.

ఆయన కాదనగానే నాకు ఊపిరి తేలికైంది. నిజం చెప్పాలి, తేలికైంది. నేను చేయగలిగింది అయిపోయింది, ఇక అడవి అడ్డం. బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాను.

అప్పుడే లింగమ్మ అనే చెంచు ఆమె బియ్యం మూట నెత్తిన పెట్టుకుని గేటు దాటబోతూ గార్డుతో మాట్లాడుతోంది. ఆమెది ఆ గూడెమే. గార్డు నన్ను పిలిచి, చిట్టీ రాసివ్వు, ఈమె ఇస్తుంది అన్నాడు. ఇక తప్పించుకునే దారి లేదు. నోటుబుక్కులోంచి కాగితం చింపి, సీటు వచ్చిందనీ, సర్టిఫికెట్లు నా దగ్గరున్నాయనీ, పన్నెండు గంటల హైదరాబాదు బస్సు తప్పితే సీటు పోతుందనీ రాశాను. లింగమ్మ దాన్ని మడిచి కొంగున కట్టుకుంది. "బాయికాడ సార్ పిల్లనే గద" అని అడిగింది. ఏస్తేరును వాళ్ళు సార్ అనే పిలుస్తున్నారట.

తొమ్మిదైంది. పది. పదకొండు. చిట్టీ చేరిందో లేదో తెలిసే దారి లేదు. విచిత్రం ఏమిటంటే, ఇప్పుడు నేను ఆమె రావాలనే కోరుకుంటున్నాను. బాట మలుపు మీద నుంచి కళ్ళు తీయలేదు. గార్డు టీ ఇస్తే చల్లారిపోయింది.

పదకొండూ నలభైకి మలుపులో ఏస్తేరు కనిపించింది. చెప్పులు చేత్తో పట్టుకుని పరుగూ నడకా కాకుండా వస్తోంది. లంగా అంచు నుంచి మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. దగ్గరికి వచ్చి ఆయాసపడుతూ నా భుజం పట్టుకుని నిలబడింది. కవరు ఇచ్చాను. అందులో అన్నీ ఉన్నాయో లేదో ఆమె చూసుకోలేదు.

శ్రీశైలం నుంచి వచ్చే హైదరాబాదు బస్సు పన్నెండూ పదికి వచ్చింది. వెనక సీటు దొరికింది. నీళ్ళు తాగి, మొహం తుడుచుకున్నాక అడిగింది.

"నా ఎన్క పేరు ఎవరిదుండె?"

"నాదే."

ఆమె కిటికీ వైపు తిరిగింది. నేను ఆగలేక మిగతాది కూడా చెప్పేశాను. మీ అమ్మ ఇదే అడిగితే తెల్వదన్నాను అని.

"అమ్మకు ఎరుకనే" అంది ఏస్తేరు, ఇటు తిరగకుండానే. "నాకు రాకుంటె వసంతకొస్తదని పోయేటప్పుడు నేనే చెప్పిన."

మరియమ్మకు తెలుసు. తెలిసే అడిగింది. నేను అబద్ధం చెప్పడం విన్నది. విని, కూతురి సర్టిఫికెట్లన్నీ నా చేతిలో పెట్టి, పనికి ఆలస్యమవుతుందని వెళ్ళిపోయింది. ఆమెకు వేరే మనిషి లేక ఇచ్చిందా, నన్ను నమ్మి ఇచ్చిందా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

కల్వకుర్తిలో బస్సు భోజనాలకు ఆగింది. ఇరవై నిమిషాలన్నాడు డ్రైవరు. ముప్పై అయిదు అయ్యాయి. ఏస్తేరు కదలకుండా కూర్చుంది, నేనే మూడుసార్లు హోటలు దాకా వెళ్ళి వచ్చాను. మూడోసారి డ్రైవరు మజ్జిగ గ్లాసు దించి, "జర ఆగమ్మా, నిన్ను ఇడిసిపెట్టి పోనులే" అన్నాడు. నా బాధ అది కాదని చెప్పే ఓపిక లేదు.

నాలుగుంపావుకు హైదరాబాదు. ఆటోలో విశ్వవిద్యాలయం చేరేసరికి నాలుగూ నలభై. మెట్లు ఎక్కుతూ ఏస్తేరు లంగాకు ఎండిన మట్టిని దులపబోయి మానేసింది. సార్ మమ్మల్నిద్దరినీ చూసి కుర్చీలోంచి లేచారు. ఆమె సంతకం పెడుతుంటే నేను తలుపు దగ్గర నిలబడ్డాను. నాలుగు చోట్ల పెట్టాలి. నాలుగోది పెట్టాక పెన్ను మూత పెట్టి నా వైపు చూసింది. నేను నవ్వాను. సరిగ్గా కుదరలేదు, కానీ నవ్వాను.

శనివారం ఉదయం కాచిగూడలో గద్వాల వెళ్ళే రైలెక్కాను. ఎదుటి సీట్లో ఒక ముసలామె మామిడిపళ్ళ గంప కాళ్ళ మధ్య పెట్టుకుని, ఏ పని మీద పోయివస్తున్నావని అడిగింది. నా దోస్తుకు సీటు వచ్చింది, దింపి వస్తున్నానని చెప్పాను. నీకు రాలేదా అని అడిగింది. రాలేదన్నాను. షాద్‌నగర్ దాకా కిటికీ వైపు మొహం పెట్టుకుని ఏడ్చాను. ముసలామె చూసింది.

ఆ తర్వాత ఏమైందో తెలియదు. మహబూబ్‌నగర్ ఎప్పుడు దాటిందో, దేవరకద్ర ఎప్పుడు దాటిందో ఎరగను, కృష్ణ మీద వంతెన వచ్చిన చప్పుడు కూడా నాకు వినపడలేదు. బుధవారం సాయంత్రం నుంచి నన్ను పట్టుకున్నది దుఃఖం అనుకున్నాను. అది భయం, నేనే ఆమె సీటు పోగొడతానేమోనని. దుఃఖం ఇంకా ఉంది, చాలా రోజులు ఉండింది కూడా. కానీ దానితో మనిషికి నిద్ర పడుతుందని ఆ రైల్లో తెలిసింది. ముసలామె నా మోకాలు తట్టి లేపేసరికి రైలు గద్వాల ప్లాట్‌ఫారం మీద ఆగి ఉంది.