జల్లెడకు ఆగని పూస

పోయిన నెల బీచుపల్లిలో మా తమ్ముడి మాసికం ముగించుకుని, నేనూ మా మరదలూ పెబ్బేరు దగ్గర రోడ్డు పక్కన వనపర్తి బస్సు కోసం నిలబడి ఉండగా, పెద్ద తెల్ల కంటైనర్ బండి ఒకటి వచ్చి చాయ్ హోటల్ ముందు ఆగింది. డ్రైవరు ఇంజన్ ఆపి దిగిపోయినా, ముందు భాగంలో బిగించిన చల్లదనం మిషను మాత్రం గుర్రుమంటూనే ఉంది. అక్కడున్న జనంలో ఎవరూ ఆ మోతను పట్టించుకోలేదు గానీ, తమ్ముడి భార్య అయిన మా మరదలు ముఖం అటు తిప్పుకుని, కొంగు మెడ చుట్టూ కప్పుకుంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆ మోత వింటే మా ఇద్దరికీ గుర్తుకు వచ్చేది ఒకటే సంగతి. ఇన్నేళ్ళలో దాని గురించి మేము ఒక్క మాట కూడా అనుకోలేదు.

వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పోయే తోవలో అప్పట్లో ఒక సీతాఫలం షెడ్డు ఉండేది. మా గుట్టల మీద ఎవరూ నీళ్ళు పోయకుండా, ఎవరూ కాపలా కాయకుండా వాటంతట అవే పండే కాయలను బతుకమ్మ రోజుల నుంచి దీపావళి దాటేదాకా గంపల కొద్దీ తెచ్చి పోసేవారు. మేము నలభై మంది ఆడవాళ్ళం వాటిని పగలదీసి, చెంచాలతో గుజ్జు తోడి, జల్లెడ పట్టి, గింజలు ఏరి సంచుల్లో నింపేవాళ్ళం. ఆ సంచులు రాయిలాగా గడ్డకట్టాక కంటైనర్‌లో చేరి, రేవుకు పోయి, ఓడ ఎక్కి ఏ దేశాలకో పోయేవి. సీతాఫలం గుజ్జును మామిడి రసం మాదిరిగా కాచి నిలవ చేయడానికి లేదు, సెగ తగిలితే చేదెక్కుతుంది, గాలికి వదిలితే నల్లబడుతుంది. దానికి చలి ఒక్కటే కాపలా. మా షెడ్డు నుంచి సముద్రం అవతలి అంగడి దాకా ఆ చలి ఒక్క పూట తెగినా సరుకంతా పారబోయవలసిందే. ఎండలు తప్ప మరొకటి ఎరుగని మేము ఆ గదిలో చేతులు కొంకర్లు పోతున్నా, మా గుట్ట మీది కాయ ఓడ ఎక్కుతున్నదని గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

అప్పటికి నా భర్త పోయి నాలుగేళ్ళు. పుట్టింటికి వచ్చి తమ్ముడి పంచన ఉండేదాన్ని. ఆ ఏడు తమ్ముడు ఊపిరితిత్తులు చెడి కర్నూలు దవాఖానలో పడ్డాడు. మందులకూ మా తిండికీ ఆధారం మా వదినామరదళ్ళ కూలి ఒక్కటే.

గుజ్జు గదిలోకి పోయే ముందు ఒంటి మీద ఏమీ ఉండకూడదని నియమం. గాజులు, ముక్కుపుడక, మట్టెలు, పుస్తెలు, నల్లపూసలు అన్నీ తీసి, ఎవరి రుమాలులో వాళ్ళు మూటకట్టి తలుపు దగ్గరి పెట్టెలో పెట్టాలి. షెడ్డు నడపడానికి పట్నం నుంచి వచ్చిన మా సారుకు మా ఆచారాలు తెలియవు. నాకు తీయవలసినవి ఏమీ లేవు కాబట్టి, మూటలు తీసుకుని పెట్టెకు తాళం వేసే పని నాకే అప్పజెప్పాడు. అందరూ అన్నీ తీశారని రోజూ ఒక కాగితం మీద నేను వేలిముద్ర వేయాలి. ఆ మొదటి రోజు, మా అందరినీ నవ్విస్తూ ఉండే గోపాల్‌పేట ఆమె వరుసలో నుంచే గట్టిగా అన్నది.

"మొగుడు లేనామె చేతుల పుస్తెలు పెట్టుమంటడేంది? ఈ సారుకు పెండ్లి గిట్ల కాలేదా ఏంది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరువాత ఆమే ముందుగా మూట తెచ్చి నా చేతిలో పెట్టింది, దాంతో మిగతావాళ్ళూ ఒక్కొక్కరే పెట్టారు. మా మరదలు మాత్రం పుస్తెలతాడు ఇంట్లోనే దాచి వచ్చానని చెప్పి, ఖాళీ చేతులతో లోపలికి పోయింది. నల్లపూసలు ఆమె రవికె లోపల ఉన్నాయని నాకు తెలుసు. మధ్యాహ్నం చద్దికి కూర్చున్నప్పుడు నేను ఏమీ అడగకముందే, తల ఎత్తకుండా చెప్పింది.

"ఏమనుకోకు వదినె. ఆయన దవాఖానల ఉన్నడు. నాకు భయమైతుంది."

నేనేమీ అనుకోలేదని చెప్పాను. చద్ది గిన్నెకు మాత్రం మూత పెట్టేశాను. నా చెయ్యి తగిలితే నా తమ్ముడికే కీడని ఆమె భయం, వాడి మీద ఆమెకు ఎంత ప్రాణమో నాకూ అంతే కదా. ఆ సాయంత్రం, అందరూ అన్నీ తీశారని కాగితం మీద వేలిముద్ర వేశాను.

దీపావళి దగ్గర పడిన రోజుల్లో ఒక పొద్దున, గంప మీదికి వంగి పని చేస్తుండగా మా మరదలి పూసల దండ తెగింది. ఎవరూ చూడకుండా ఏరుకుని, పని అయ్యాక బట్టలు మార్చుకునే చోట లెక్కపెట్టుకుంది. వాళ్ళమ్మ గుచ్చిన దండ అది, ఎన్ని పూసలో ఆమెకు నోటికి వచ్చు.

"ఒక్కటి దొర్కలే వదినె. కడిగిన నీళ్ళతోని పోయుంటది తీ."

ఇద్దరం పోయి కాలువ అంతా వెతికాం. అప్పటికే ఆ రోజు సంచులన్నీ గడ్డకట్టే గదిలోకి చేరాయి. ఇనుప తునక ఉంటే కూతపెట్టే మిషను మా దగ్గర ఉండేది గానీ గాజుపూసకు అది పలకదు. గింజను ఆపే జల్లెడ, గింజకన్నా చిన్నదైన పూసను ఆపదు. ఆ రోజు సరుకు పక్కకు పెట్టమని సారుతో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. నీళ్ళలోనే పోయిందని నాకు నేను చెప్పుకుని ఇంటికి పోయాను. మూడో రోజు కంటైనర్ గుర్రుమంటూ గేటు దాటిపోయింది.

చలికాలం వెళ్ళిపోయాక ఒక రోజు సారు మా అందరినీ పిలిపించాడు. కరిగించిన తెల్లటి గుజ్జు, దాని మధ్యలో ఒక నల్లపూస, పక్కన కొలబద్ద, ఇదీ సరుకు కొన్న అవతలి దేశం వాళ్ళు పంపిన ఫోటో. అందరికీ తిప్పి చూపించాడు. ఎవరిదో తెలిస్తే ఆమెను మానిపించి, ఇక మీదట ఇట్లా జరగదని రాసి పంపుతానని, తెలియకపోతే అవతలి వాళ్ళు ఈ షెడ్డునే నమ్మరని చెప్పాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"అందరు తీసిన్రు సారూ. నేనే చూసిన," అన్నాను.

మా మరదలు నేల చూపులు చూస్తూ ఉంది. నేను ఎందుకు అట్లా అన్నానో ఈనాటికీ నాకు పూర్తిగా తెలియదు. తమ్ముడి మందులు ఆగిపోతాయనే భయం ఉన్నమాట నిజమే. అయితే ఆమె పేరు చెబితే, పూసలు ఎందుకు దాచుకున్నదో కూడా ఆ నలభై మంది ముందు నేనే చెప్పవలసి వచ్చేది. నా చెయ్యి మంచిది కాదని నా నోటితో నేను చెప్పుకోలేకపోయాను.

మరుసటి ఏడు షెడ్డు తెరుచుకోలేదు. ఆడవాళ్ళు కొందరు పత్తి ఏరడానికి, కొందరు మట్టి పనికి బొంబాయికి, బెంగుళూరుకు పోయారు. గోపాల్‌పేట ఆమె బెంగుళూరులో కట్టే ఇంటి మీది నుంచి పడి నడుము విరిగి వచ్చింది. ఏటా పండ్ల కాలంలో నాలుగు సీతాఫలాలు పట్టుకుని ఆమెను చూసి వస్తాను. మంచం మీద నుంచే ఇప్పటికీ నన్ను నవ్విస్తుంది. "నీ ఒక్కదానికే నేను యాదికున్న చూడు," అంటుంది. ఎందుకు యాదికున్నదో చెప్పడానికి ఎన్నిసార్లు నోరు తెరిచానో, అన్నిసార్లూ గింజలు ఏరి కాయ ఆమె చేతికిచ్చి లేచి వచ్చాను.

తరువాత మహిళా సంఘంలో నాకు అక్షరాలు నేర్పారు. కూడబలుక్కుని చదవడం వచ్చాక, సంఘం కాగితాల్లో 'నేను స్వయంగా చూచి ధ్రువీకరించడమైనది' అనే మాట కంటపడి, దాని అర్థం అడిగి తెలుసుకున్నాను. షెడ్డు కాగితం మీద నా వేలిముద్రకు పైన ఇటువంటి మాటే ఉండి ఉంటుంది.

తమ్ముడు ఆ జబ్బు నుంచి లేచి చాలా ఏళ్ళు బతికాడు. నల్లపూసలే కాపాడాయని మా మరదలు నమ్మింది, నేను కాదనలేదు. ఈ ఎండాకాలం వాడు పోయాడు. పదో రోజు కృష్ణ ఒడ్డున ముత్తైదువులంతా దూరంగా జరిగారు. ఈ కాలంలో ఇవన్నీ ఎందుకు, ఆమె మెడలో ఉన్నవి ఉండనివ్వండని తమ్ముడి మనుమరాలు ఏడ్చింది. మరదలు వినలేదు. నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని నన్ను పిలిచింది.

"వదినె, నీ చేతులతోనే తియ్యి."

తీశాను. దండలో ఒకచోట పూస లేదు, అక్కడ ముడి ఉంది. అన్నేళ్ళూ ఇంకో పూస గుచ్చుకోకుండా ఆ ముడినే మోసింది. నా వేలు దాని మీద ఆగడం ఆమెకు తెలిసింది. దండను కృష్ణలో వదిలాను.

షెడ్డులో ఇప్పుడు పత్తి బోరాలు నింపుతున్నారు. గుట్టల మీద కాయలు చిలకలు తిన్నన్ని తినగా మిగిలినవి రాలిపోతున్నాయి. మా మనుమరాలు పట్నంలో మందుల కంపెనీకి పోయేటప్పుడు నల్లపూసలు తీసి మేకుకు తగిలించి పోతుంది, సాయంత్రం వచ్చి మళ్ళీ వేసుకుంటుంది, వాళ్ళాయన చక్కగా ఉన్నాడు. అంత తేలికైన పనికి మేము ఎంత భయపడ్డామో అనిపిస్తుంది.

ఆ రోజు పెబ్బేరులో బస్సు వచ్చేదాకా కంటైనర్ అట్లా గుర్రుమంటూనే ఉంది. మరదలికి చెయ్యి ఇచ్చి బస్సు ఎక్కించాను, ఇప్పుడు నా చెయ్యి పట్టుకోవడానికి ఆమెకు భయం లేదు. ఇప్పుడైతే ఆ గుజ్జు గది తలుపు దగ్గర మా ఇద్దరినీ ఎవరూ ఆపరు. తీసి ఇవ్వడానికి మా ఇద్దరి మెడల్లోనూ ఏమీ లేవు.