ఎవరికి వాళ్ళే పోసుకునే బల్ల

ఆవులప్ప నలభై ఏళ్ళు నిలబడే బతికాడు. కంటోన్మెంటులో దొరల క్లబ్బులో బేరర్ పని. తెల్లకోటు, నడుముకు ఎర్రపట్టీ, చేతిలో పళ్ళెం. అతని పేరు నోరు తిరగక దొరసానులు 'ఆపిల్' అని పిలిచేవారు. పిలవనీ, ఎవరి సొమ్మేం పోయింది! ఇంటికొచ్చి ఆ మాట చెప్పి భార్య పిల్లమ్మను కడుపుబ్బ నవ్వించేవాడు.

ఏటా వేసవిలో ఆ క్లబ్బు తోటలో విందు జరిగేది. చెట్లనీడలో పొడుగాటి బల్ల, దానిమీద గాజు జాడీల్లో రంగురంగుల షర్బత్తులు. ఎవరికి కావలసింది వాళ్ళే పోసుకుని, కుర్చీల్లో వెనక్కి వాలి, కళ్ళు అరమూసి తాగేవాళ్ళు. మంచుముక్కల చప్పుడు వింటూ, ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ ఆవులప్ప ఆ నీడల్లో తిరిగేవాడు. తిరిగీ తిరిగీ ఒక కల పట్టుకుంది అతనికి. ఎప్పటికైనా తన ఇంటిముందు అలాంటి బల్ల వేయాలి. ఆ ఒక్కరోజు పళ్ళెం ముట్టకూడదు. చుట్టాల నడుమ కూర్చుని తాగాలి. చూడండి, కోట కట్టాలని కాదు, కుర్చీలో కూర్చోవాలని!

దొరలు ఓడలెక్కి వెళ్ళిపోయారు. ఆవులప్ప పని మానుకుని బెళ్ళందూరులో ఇంటిపట్టున ఉన్నాడు. 1948 మే నెలలో మనవడి నామకరణం వచ్చింది.

కానుగచెట్ల కింద బల్ల వేసి తెల్లపంచె పరిచాడు. తడి ఇసుక పోసిన తట్టల్లో మూడు కొత్తకుండలు కుదురుగా నిలబెట్టాడు. ఒకదానిలో మిరియాలు, యాలకులు దంచివేసిన బెల్లం పానకం, ఒకదానిలో అల్లం మజ్జిగ, మూడోదానిలో కర్బూజ రసం. కుండకొక గరిటె, పక్కన బోర్లించిన లోటాలు. చెరువుగాలికి పంచె అంచు మెల్లగా లేచి పడుతోంది. ఆవులప్ప అందరికీ కుర్చీలు వేసి, తానూ ఒకదానిలో కూర్చుని ఆ అంచునే చూస్తూ ఉండిపోయాడు. ఎంత సుఖంగా ఉందో!

చుట్టాలు వచ్చారు, కూర్చున్నారు. గొంతులు ఎండుతున్నాయి, కళ్ళు కుండలమీదే ఉన్నాయి, ఒక్క కాలూ కదలదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మనవాళ్ళు అడగనూ అడగరు, ఇంటివాళ్ళు చేత్తో ఇవ్వనిదే ముట్టుకోనూ ముట్టుకోరు.

కుందలహళ్ళి నుంచి ఎండలో నడిచివచ్చిన వియ్యంకుడు రామాంజినప్ప అటూ ఇటూ చూశాడు.

"పోసేవాళ్ళు యాడ బావా?"

"ఎవురికి కావల్సింది వాళ్ళే పోసుకునేదప్పా."

రామాంజినప్ప మొహం మాడిపోయింది. "పిలవని పేరంటానికి వచ్చినామా మేము? మా ఇంట్లో కూలోళ్ళకైనా చేత్తో పోసిస్తాము!"

అందరూ తలలు దించుకున్నారు. బిడ్డ పుట్టిన ఇంట్లో వియ్యంకుడి మనసు కష్టపెట్టడమా! ఆవులప్ప లేచి లోపలికి వెళ్ళి ఇత్తడి పళ్ళెం తెచ్చాడు. నడుము దానంతట అదే నిటారైంది, ఎడమచెయ్యి వీపు వెనక్కి పోయింది.

అది చూసి పిల్లమ్మకు దుఃఖం ఆగలేదు. "ఈ పొద్దు ముట్టనంటివే!" అని, వియ్యంకుడివైపు తిరిగింది. "అన్నా, ఇది గర్వం కాదు. నలభై ఏండ్లు ఊరోళ్ళకంతా నిలబడి పోసినాడు. ఒక్కరోజు మీ పక్కన కూసోని తాగల్లని ఆశపడినాడు. అంతేనన్నా."

రామాంజినప్ప లేచి బల్లదగ్గరికి నడిచాడు. గరిటె పట్టడం చేతకాక సగం పానకం బల్లమీది పంచెపై ఒలకబోశాడు. నిండిన లోటాను రెండుచేతులా పట్టుకొచ్చి, ఆవులప్ప చేతిలోని పళ్ళెం లాగి పక్కన పెట్టాడు.

"కూసో బావా. నువ్వు తాగితేనే మేము తాగేది."

ఆవులప్ప కూర్చున్నాడు. వేలమందికి అందించిన ఆ చేతులకు అందుకోవడం రాలేదు. పానకం చల్లగా గొంతు దిగుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. బల్లదగ్గర లోటాలు ఒకటొకటిగా మోగసాగాయి, నవ్వులు మొదలయ్యాయి. లోటా ఖాళీ కాగానే అలవాటుకొద్దీ లేవబోయాడు.

రామాంజినప్ప అతని భుజం నొక్కి పట్టుకున్నాడు.

"యాడికి? కూసో. ఇంగా శానా ఉండాది, నేను తెస్తా."