ఆల్మిష్‌ని ఆల్ది చేసిన రుష్తూ

"మళ్లీ తొందర! క్రియ చివర్న రావాలి అమ్మాయ్. ఎవరు, దేన్ని, ఆ తర్వాతే ఏం చేశారు. ‘ఇల్యాస్ బస్తా తీసుకున్నాడు.’ ఇల్యాస్ చువాలి ఆల్ది. ఏదీ, అను."

ఎతెరి జార్జియా నుంచి తేయాకు కోతకు వచ్చిన పిల్ల. వాన పట్టి కోత ఆగినప్పుడల్లా గుట్ట దిగి, టర్కీలోని హోపా ఊళ్లో కోర్టు గోడవార అర్జీలు రాసే రుష్తూ దగ్గర టర్కీ భాష నేర్చుకుంటోంది.

"మా గుట్టమీది ఇల్యాస్ మామా? తీసుకోవడం నువ్వు చూశావా బాబాయ్?"

టైపు మిషను మీద ముసలాయన వేళ్లు ఆగిపోయాయి. ఆ పేరు ఎలా నోరు జారిందో ఆయనకే తెలియలేదు.

"చూడలేదు. ఆల్ది చూసినవాడి మాట, చూడనివాడు ఆల్మిష్ అనాలి. తీసుకున్నాడట అని."

"సరే, దిద్దుకున్నావుగా."

"ఏడేళ్లు ఆలస్యంగా."

అప్పట్లో ఇల్యాస్ తేయాకు కొనుగోలు కేంద్రంలో కాపలాదారు. ఒకావిడ రుష్తూ దగ్గరికి వచ్చి, "నా తేయాకు బస్తా ఇల్యాస్ తీసుకున్నాడట, రాయి" అంది. ‘అట’ ఉంటే అర్జీ పలచబడుతుందని రుష్తూ ఆల్ది అని కొట్టాడు. చదువురాని మనిషి, వేలిముద్ర వేసి వెళ్లింది. పైవాళ్లకు కళ్లారా చూసిన సాక్షి దొరికింది. ఇల్యాస్ ఉద్యోగం ఊడింది. బస్తా తర్వాత లారీలో బయటపడ్డా, పోయిన కొలువు తిరిగి రాలేదు.

"ఆ వారమే వచ్చి నువ్వు కూర్చున్న పీటమీదే కూర్చున్నాడు. ‘అన్నా, నన్నెవరో చూశారట, నా తరఫున రాయి’ అన్నాడు. రాశాను. డబ్బు వద్దన్నానని నా చెయ్యి ముద్దుపెట్టుకుని నుదుటికి అద్దుకున్నాడు. ఈ చెయ్యే!"

రుష్తూ చెయ్యి ఒళ్లో దాచుకున్నాడు.

"అప్పుడే చెప్పేయాల్సింది" అంది ఎతెరి మెల్లగా.

"నోరు పెగల్లేదు. ఇప్పటికీ సంతలో ‘సెలామ్ అన్నా’ అంటాడు. నేను ఉల్లిపాయలు ఏరుతున్నట్టు తల వంచుకుంటాను."

కాగితం ఎక్కించి నాలుగు వాక్యాలు కొట్టాడు. ప్రతి వాక్యం చివరా ‘నేను’ తెలిసేలా రాశాడు: విన్నాను, మార్చాను, దాచాను, సిగ్గుపడుతున్నాను. మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"అతనికి చదువు రాదు. నువ్వే చదివి వినిపించు. తప్పులు పలికినా ఫరవాలేదు. రుష్తూ ఏడీ అంటే, మోకాళ్ల నొప్పులని బొంకకు, మొహం చెల్లక రాలేదని చెప్పు. తర్వాత అతను ఎన్ని తిట్టినా, ఒక్క మాట మింగకుండా నాకు తెచ్చిపెట్టు తల్లీ."